కుర్చీతో వచ్చిన గొంతు

సోమవారం పదిన్నరలోపు చేరితే నాన్న కుర్చీ చిలకది. చేరకపోతే కుర్చీతో పాటు ఆఫీసువాళ్లిచ్చిన రెండు గదుల ఇల్లూ పోతుంది. నీటి సరఫరా ఆఫీసులో పద్ధతే అది: ఉద్యోగంలో ఉండగా మనిషి పోతే ఆ కుర్చీ ఇంట్లో ఒకరికి. ఎంత దయగల ఆఫీసో చూడండి, ఏడుపుక్కూడా గడువు పెట్టింది!

సరిగ్గా ఆ పొద్దున్నే నాటకాల బృందం బస్సు బయలుదేరుతోంది. చిలక అన్నది జనం పెట్టిన పేరు. మిమిక్రీ చేస్తుంది మరి. ఆమె మొరిగితే వీధికుక్కలు జవాబిచ్చేవి. బృందం నడిపే మాస్టారు ఫోన్ చేశాడు.

"రెండేళ్లు ఊరూరా తిరుగుతాం. పేరొస్తుందమ్మా. డబ్బు సంగతి మాత్రం నన్నడక్కు."

చిలక అమ్మనడిగింది.

"నీ ఇష్టం తల్లీ," అంది అమ్మ, నాన్న చొక్కాలు మడతపెడుతూ.

అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది. మూడు రోజులు కొట్టుమిట్టాడి, చివరికి ఆఫీసుకే వెళ్లింది. బస్సు కంటబడకుండా చుట్టుతిరిగి మరీ వెళ్లింది.

కుర్చీలో కూర్చుందో లేదో, ఫిర్యాదుల ఫోను మోగింది.

"చెప్పండి, నీళ్లు ఎన్నాళ్లుగా రావట్లేదు?"

టైపిస్టు ఆంటీ దిగ్గున లేచి నిలబడింది. అది నాన్న గొంతు. ముప్ఫై ఏళ్ల విసుగుతో సహా దిగింది. లోకం గొంతులన్నీ పట్టుకున్న చిలకకి నాన్నది మాత్రం ఏనాడూ చిక్కలేదు. ఇంట్లో ఆయన నోరు విప్పితే కదా!

"అవేం వేళాకోళాలే? నా గుండె ఆగినంత పనైంది!" అంది ఆంటీ.

"నేను చెయ్యలేదండీ," అంది చిలక. అదీ నాన్న గొంతే.

దగ్గింది. నీళ్లు తాగింది. బాత్రూంలో తలుపేసుకుని మొరిగి చూసింది. నాన్న మూలిగినట్టు వినిపించింది. పాత గొంతులు ఒక్కటీ రాలేదు, తన సొంతది అసలే రాలేదు.

సాయంత్రం దాకా ఒకటే ఆలోచన. బస్సు ఈ రాత్రికి పక్క ఊళ్లోనే ఆగుతుంది. ఇప్పుడు బయలుదేరినా అందుకోవచ్చు. అమ్మకి చెప్పేసి వెళ్లిపోవాలి, ఇల్లు ఉన్నా పోయినా సరే.

ఇంటికెళ్లి తలుపు తట్టింది. "నేనే, తలుపు తియ్యి."

లోపల గిన్నె కిందపడింది. "వస్తున్నానండీ!"

అమ్మ పరుగున వచ్చి తలుపు తీసింది. కూతుర్ని చూసింది. అరవలేదు, ఏడవలేదు. చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"మాట్లాడు. ఏదైనా సరే మాట్లాడవే. పోతూ పోతూ ఆయన నాతో ఒక్క మాటైనా అనలేదు."

వెళ్లిపోతాను అనడానికే చిలక నోరు తెరిచింది. అమ్మ ఊపిరి బిగబట్టి, ఆ నోటివైపే చూస్తోంది.

"ఆకలేస్తోంది. భోజనం పెట్టు," అంది చిలక.

అమ్మ కళ్లు తుడుచుకుంది. ఎన్నాళ్లకో నవ్వింది.

"చేతులు కడుక్కు రండి," అంది.