సమ్మె నాటి వంట

నా భార్య రాజీని దొంగను చేసింది ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఊరు నమ్మింది. మా ఇల్లూ నమ్మింది.

కొడకండ్ల మండల ఆఫీసులో పహాణీల, అంటే భూమి రికార్డుల, కంప్యూటర్ మీద రాజీ పనిచేసేది. పాస్‌వర్డ్ తప్పు కొట్టినా రికార్డులు తెరుచుకునేవి. ఆ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీకి ఫోన్ చేసి చెప్పింది. "తెలుసు మేడం, తర్వాత చూద్దాం" అన్నారు. సకల జనుల సమ్మెలో ఆఫీసుకు తాళం పడింది. ఒక మధ్యాహ్నం ఎవరో ఎక్కడి నుంచో రాజీ పేరుతో చొరబడి మా ఊరి రైతు సోమనర్సయ్య భూమిని వేరొకరి పేరుకు మార్చారు. తప్పు రాజీదేనని కంపెనీ వేలు చూపించింది. ఉద్యోగం పోయింది.

"లంచం తిని మా ఇజ్జత్ తీసినవ్" అన్నది మా అవ్వ కట్టమ్మ. రాజీ అత్తకు అన్నం వడ్డిస్తూనే విన్నది. కోపం కంటే వింతే ఎక్కువైందని తర్వాత నాతో చెప్పింది. పొద్దున వండి, ఆఫీసుకు పోయి, వచ్చి మళ్లీ వండి, గిన్నెలు తోమి పడుకునే మనిషికి లంచం మాట్లాడే తీరిక ఎప్పుడు దొరికిందని ఈ ఇంట్లో ఒక్కరికీ అనుమానం రాలేదే అని.

జనగామ కోర్టులో కంపెనీ మీద కేసు వేసింది. కంపెనీ మనిషి ఇంటికొచ్చి, కేసు వాపసు తీసుకుంటే ఉద్యోగం ఇప్పిస్తామన్నాడు.

"దొంగ అని నలుగుట్ల, అందరి ముంగట అన్నరు. కాదని గూడ నలుగుట్లనే అనాలె" అన్నది రాజీ.

ఆమెను అందరికంటే గట్టిగా తిట్టిన సోమనర్సయ్యనే మా వకీలు బోనెక్కించాడు. ఆ మధ్యాహ్నం రాజీ ఎక్కడున్నదని అడిగాడు.

"రోడ్డు మీద సమ్మెోళ్ల వంటా-వార్పుల సారూ. గంటె పట్టుకొని అందరికి పప్పు పోసింది. నేను రెండుసార్లు పోయించుకున్న."

"మీ భూమి మారింది గప్పుడే" అన్నాడు వకీలు.

సోమనర్సయ్య తల గోక్కున్నాడు. "గట్లయితే గామె గాదు సారూ!"

కోర్టు నవ్వింది. ఇంట్లో ఏళ్లుగా ఎవరికీ కనిపించని ఆమె వంట అక్కడ సాక్ష్యమైంది.

లోపం ముందే తెలుసా అని జడ్జి కంపెనీ ఇంజనీరును అడిగాడు. తెలుసన్నాడు. తెలిసీ సరిచేయని లోపానికి కంపెనీదే బాధ్యతని తీర్పు చదివాడు. రాజీ లేచి నిలబడి చివరిదాకా విన్నది.

"ఇయ్యాల నేను వండ. హోటల్ల తిందాం" అన్నది బయటికొచ్చి. అంత ఇష్టంగా ఆమె తినడం ఎన్నడూ చూడలేదు.

తర్వాత రెండేళ్లకు జ్వరంతో పోయింది. దశదినకర్మ నాడు అవ్వ చుట్టాలతో అంటున్నది: "నా కోడలు గట్ల చెయ్యదని నాకు అప్పుడే ఎరుక."

"ఎరికుండి ఊకున్నందుకే కంపెనీ ఓడింది అవ్వా" అన్నాను.

ఈ సంగతి ఇంట్లో నేను మాట్లాడటం అదే ఆఖరు.