రెండో మల్లన్న పేరు

'జెరాక్సు మల్లన్న' యూట్యూబులో పడిన ఆరో రోజుకు మూడు లక్షల మంది చూశారు. తీసింది యోగీశ్. కర్ణాటక సరిహద్దులో పావగడ బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో పెట్టుకుని, పెళ్ళిళ్ళకు వీడియోలు తీసేవాడు. మల్లన్న అనే గొర్రెలకాపరిని ఒక సైంటిస్టు పట్టుకుపోయి, వాడి చేతి వెంట్రుక ఒకటి పీకి యంత్రంలో వేసి, అచ్చం వాడిలాంటి ఇంకొకణ్ణి పుట్టించడం కథ. యంత్రమంటే పాత ఫ్రిజ్జు. దాని చుట్టూ పెళ్ళిపందిరి సీరియల్ బల్బులు చుట్టారు.

చూసినవాళ్ళు ఊరికే పోలేదు. "పెరుగు తోడుకున్నట్టు మనిషి ఫ్రిజ్జులో తోడుకున్నాడు" అని ఒకరు రాశారు. "సైంటిస్టు కోటు జేబు మీద బేకరీ పేరుంది, చూసుకోండ్రా" అని ఇంకొకరు. హిందూపురం నుంచి ఒకామె, "ముప్పై నిమిషాలు నవ్వినాను, చివరి పది నిమిషాలు ఏడ్చినాను" అని రాసింది.

బలసముద్రంలో ఓబులేశ్ ఇంటిముందు అరుగు మీద కూర్చుని ఇవన్నీ చదువుకునేవాడు. మాట్లాడేది తెలుగే అయినా అతను చదివింది కన్నడ బడి. కన్నడంలో ఉన్నవి తాను చదువుకుని, తెలుగులో ఉన్నవి భార్య రత్నకు చూపించేవాడు. రత్న పుట్టిల్లు మడకశిర వైపు, ఆమెది తెలుగు బడి.

"ఇది విను" అంది రత్న, ఫోను దగ్గరికి తెచ్చుకుని. "'అసలు మల్లన్న కంటే నకలు మల్లన్నే బాగా చేశాడు. ఒక్క మనిషి రెండు వేషాల్లో ఇంత తేడా చూపించడం మాటలా? శివరాజు గారికి దండం.'"

చదివి, ఫోను ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత అంది. "ఈ దండం నీకే గదయ్యా."

"నాకెట్లవుతాది? పేరు చూడు. శివరాజు అనే గదా ఉండాది."

శివరాజు, ఓబులేశ్ కవలలు. శివరాజు అరగంట ముందు పుట్టాడు కాబట్టి అన్న. కన్నతల్లి బోరమ్మ కూడా వెనకనుంచి చూస్తే పోల్చుకోలేదు. డబుల్ యాక్షన్ తీయడానికి దుడ్డుగానీ, చదువుగానీ లేని యోగీశ్‌కు వీళ్ళిద్దరే దొరికిన గ్రాఫిక్సు. అసలు మల్లన్న శివరాజు, నకలు మల్లన్న ఓబులేశ్. కానీ సినిమా మొదట్లో పడ్డ పేరు ఒక్కటే: 'ద్విపాత్రల్లో శివరాజు'. అలా వేయమని యోగీశ్‌ను బతిమాలింది అన్నదమ్ములే.

దానికి కారణం ఉంది. సోలారు పార్కుకు భూమి లీజుకిచ్చినప్పుడు, వీళ్ళ పొలంలో ప్లేట్లు పరిచిన కంపెనీకి మనుషుల్ని పెట్టే కాంట్రాక్టరు ఇంటికి ఒక గార్డు ఉద్యోగమే అన్నాడు. ఉద్యోగం కార్డు పెద్దవాడి పేరు మీద వచ్చింది. చిన్నవాడి సంగతేమిటని ఇంట్లో మూడు రోజులు గొడవ జరిగింది. నాలుగో రోజు బోరమ్మ తేల్చేసింది. "ఇద్దరూ ఒక కడుపులో పట్టినారు, ఒక కార్డులో పట్టరా?"

పట్టారు. నెలలో మొదటి పక్షం శివరాజు, రెండో పక్షం ఓబులేశ్. ఒకడు డ్యూటీకి పోతే ఒకడు గొర్రెలు తోలుకుపోయేవాడు. గేటు దగ్గర ముఖం చూసి హాజరు వేసే మిషనుంది. ఓబులేశ్ దాని ముందు నిలబడితే తెర మీద 'శివరాజు' అని పచ్చగా పడేది. మొదట్లో ఆ మిషనును మోసం చేశామని ఇద్దరూ నవ్వుకున్నారు. పోనుపోను ఓబులేశ్‌కు నవ్వు రాలేదు. ఒకడు క్షవరం చేయించుకుంటే రెండోవాడు కూడా చేయించుకోవాలి. శివరాజుకు గాజుపెంకు తగిలి గడ్డం కోసుకుపోతే, ఓబులేశ్ కూడా పన్నెండు రోజులు గడ్డానికి ప్లాస్టరు అంటించుకుని తిరిగాడు. అన్న డ్యూటీలో ఉన్న రోజుల్లో రోడ్డు మీదికి రాకూడదు. తాను డ్యూటీలో ఉన్నప్పుడు ఎవరైనా "ఓబులేశా" అని పిలిస్తే తిరగకూడదు. ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరు మెదపలేదు. పై ఊళ్ళ నుంచి వచ్చే కంపెనీవాళ్ళకు మాత్రం తెలియదు.

సినిమా చివర్లో ఒక సీనుంది. అసలు మల్లన్న తన నకలును పాత పంపుసెట్టు గదిలో పెట్టి తాళం వేయబోతాడు. వేసే ముందు తన తలగుడ్డ తీసి వాడి తలకు చుడతాడు. అప్పుడు నకలు ఏడ్చి ఏదో అనాలి. అక్కడ ఏమనాలో యోగీశ్‌కు తోచలేదు. "ఏదన్నా చెప్పి ఏడువన్నా" అన్నాడు. ఓబులేశ్ అన్నాడు: "నాకు ఊరుండాదా, పేరుండాదా? నువ్వు తీసి పెట్టిన చోట ఉండాల, తీసుకోని పోయిన చోటికి పోవాల. ఆ తలుపు ఎయ్యొద్దన్నా, లోపల గాలి లేదు." యోగీశ్ రెండోసారి తీయలేదు.

జనం ఏడ్చింది అక్కడే. పోట్లాడుకున్నదీ అక్కడే. ఒకే మనిషి తన చేత్తో తన నకలుకే తలగుడ్డ ఎట్లా చుట్టాడు? మధ్యలో అతుకు గీత లేదు, నీడ సరిగ్గానే పడింది. హైదరాబాదులో ఎవరో కుర్రవాడు ఆ సీనును ముక్కలు ముక్కలుగా ఆపి, బాణం గుర్తులు పెట్టి, ఇది ఫలానా సాఫ్ట్‌వేరుతో చేశారని పదిహేను నిమిషాల వీడియో పెట్టాడు. దాని కింద ఎవరో, "సాఫ్ట్‌వేరూ లేదు, గాడిదగుడ్డూ లేదు, వాళ్ళు కవలలు, మా చెల్లెల్ని ఇచ్చిన ఊరే" అని రాశారు. అదే మాట యోగీశ్ సినిమా కిందా పడింది. యోగీశ్ గంటలో దాన్ని తీసేశాడు.

ఓబులేశ్ పావగడకు పోయి అడిగాడు. "నిజమే గదప్పా రాసింది, యాల తీసేసినావు?"

"అన్నా, బెంగళూరు నుంచి ఇద్దరు ఫోన్ చేసినారు. గ్రాఫిక్స్ చేసిన మనిషి ఎవురని అడుగుతాండారు. ఇప్పుడు కవలలంటే నా బతుకేం గావాల? అయినా దాచమన్నది మీరే గదా."

అదీ నిజమే. ఓబులేశ్ తిరిగి బస్సెక్కాడు.

దసరా దగ్గరపడింది. ప్లాంటులో ఆయుధపూజ చేస్తారు. సూపర్‌వైజరు హిరేమఠ సారుది ఉత్తర కర్ణాటకలో విజయపుర వైపు, మంచివాడే. సినిమా చూసి పొంగిపోయాడు. పై అధికారి వస్తున్నాడు, మన గార్డుకు శాలువా కప్పుదాం, ఆ ఏడుపు సీను స్టేజి మీద చేసి చూపించాలి అని శివరాజుకు చెప్పాడు. శివరాజు ఇంటికొచ్చి గోడకు జారగిలబడ్డాడు.

"నాకు యాడొస్తాది ఏడుపు? నువ్వే పోవాల ఓబులా."

"పోయి?"

"శివరాజు మాదిరి నిలబడు. ఇన్ని దినాలు నిలబడలేదా?"

ఓబులేశ్ పోయాడు. ట్రాన్స్‌ఫార్మర్లకు, జీపులకు, చీపుర్లకు కూడా బూడిదగుమ్మడికాయలు కొట్టి పూలు వేశారు. షామియానా కింద ఊరి జనం కూర్చున్నారు. మూడో వరుసలో రత్న, పక్కన ఆరేళ్ళ భూమిక. యూనిఫాంలో ఉన్నప్పుడు నాన్నను పెదనాన్న అనాలని భూమికకు బడిలో చేరకముందే నేర్పారు.

మైకు ఇచ్చారు. ముందు అసలు మల్లన్న మాట అన్నాడు. అన్న గొంతు అతనికి కష్టం కాదు. తర్వాత పక్కకు జరిగి, నకలు మల్లన్న అయ్యాడు. "నాకు ఊరుండాదా, పేరుండాదా?" అనగానే ఈలలు పడ్డాయి. "శివరాజూ! శివరాజూ!" అని కుర్చీల మీద నిలబడి అరిచారు. అందులో అతన్ని పుట్టినప్పటినుంచి ఎరిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఆ అరుపుల మధ్య భూమిక సంతోషం పట్టలేక లేచి నిలబడింది.

"మా నాయ..."

రత్న చెయ్యి ఆ పిల్ల నోటికి అడ్డం పడింది. గట్టిగానే పడింది. పిల్ల ఆ చేతి పైనుంచి కళ్ళు పెద్దవి చేసి స్టేజి వైపు చూస్తూ ఉండిపోయింది. ఓబులేశ్ తర్వాతి మాట మరచిపోయాడు. ఏడుపులో గొంతు పూడుకుపోయిందనుకుని జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. హిరేమఠ సారు ఒక్కడు మాత్రం కొట్టలేదు. పిల్ల వైపు చూసి, ఓబులేశ్ వైపు చూసి, శాలువా మడత విప్పాడు.

ఇంటికొచ్చాక భూమిక అడిగింది. "నేను తప్పు చేసినానా నాయనా?"

"లేదమ్మా" అన్నాడు. శాలువా తీసుకుని గొర్రెల దొడ్డి దగ్గరికి పోయాడు. శివరాజు కంచె కడుతున్నాడు. శాలువా అతని భుజం మీద వేశాడు.

"ఇది నీది. అన్నా, నేను చెప్పేస్తా."

"ఎవురికి?"

"సినిమా చూసినోళ్ళకు. రెండోవాడు నేనని."

శివరాజు చేతిలో కంపను కింద పెట్టాడు. "చెప్తే ఇద్దరికీ పోతాది. పేరుదేముండాది లేరా. ఇంట్లో పొయ్యి మండితే చాలదా?"

"అది నీ పేరు కాబట్టి అట్లంటాండావు."

శివరాజుకు కోపం వచ్చింది. తాను తలుచుకుంటే మొదటి నుంచీ కార్డంతా తానే ఉంచుకునేవాణ్ణని, సగం పంచిచ్చినందుకు ఇదా ఫలమని అన్నాడు. అది అబద్ధం కాదు. ఓబులేశ్‌కు అందుకే ఇంకా ఊపిరాడలేదు. అన్న చెడ్డవాడైతే ఎంత బాగుండేది! అందరూ మంచివాళ్ళే, అందరూ అతని మేలు కోసమే అతన్ని లేకుండా చేశారు.

మరునాడు పొద్దున రత్నను పిలిచి చెప్పాడు, ఆమె సినిమా కింద తెలుగులో రాసింది. "నకలు మల్లన్న వేషం వేసింది శివరాజు గాదు. నేను. నా పేరు ఓబులేశ్. శివరాజు తమ్ముణ్ణి. మాది బలసముద్రం." పంపే ముందు రత్న అతని ముఖం చూసింది. "నొక్కమంటావా?" అతను తల ఊపాడు. ఆమె నొక్కింది.

మధ్యాహ్నానికి దాని కింద రెండు వందల జవాబులు పడ్డాయి. రత్న చదువుతూ పోయింది. "ఫ్రిజ్జులోంచి ఎప్పుడొచ్చినావు అన్నా?" "అయితే నేను మూడో మల్లన్నను." "నకలుకు ఫోను ఎవరు కొనిచ్చారు?" "సినిమాకు పబ్లిసిటీ అదిరింది." ఒక్కరంటే ఒక్కరు నమ్మలేదు. అందరూ నవ్వుతున్నారని చూసి యోగీశ్ దాన్ని తీసేయకుండా, పైన అందరికీ కనపడేలా పెట్టి, నవ్వు బొమ్మలు అంటించాడు.

రత్న చదవడం ఆపేసింది. ఓబులేశ్ అరుగు మీద అలాగే కూర్చున్నాడు. తలుపు తానే తెరిచాడు. అవతల గోడ ఉంది.

నమ్మినవాడు హిరేమఠ సారు ఒక్కడే. సాయంత్రం ఇద్దర్నీ తన గదికి రమ్మన్నాడు. ఇద్దరూ ఒకేసారి ఆ గేటు దాటడం అదే మొదలు. సారు తలుపు మూసి, వాళ్ళ ముఖాలను ఒకదాని తర్వాత ఒకటి చాలాసేపు చూశాడు. కోప్పడలేదు. కన్నడంలో నెమ్మదిగా అన్నాడు.

"రెండేళ్ళుగా ఈ హాజరు మీద సంతకం పెట్టింది నేను. మీది బయటపడితే నాదీ పోతుంది. ఇద్దరు ఆడపిల్లలు కాలేజీలో ఉన్నారు నాకు. ఓబులేశ్, అది తీసేయి. నేను చూడలేదు. మీరు ఎప్పటిలాగే రండి."

అతని నోట తన పేరు వినడం ఓబులేశ్‌కు వింతగా ఉంది. ఆ గదిలో ఇన్నాళ్ళూ ఆ పేరు ఎవరూ పలకలేదు. శివరాజు మోచేత్తో పొడిచాడు, సరేనను అని. సరే అంటే అన్నీ పాతచోటికి వస్తాయి. మిషను ముందు నిలబడాలి, పచ్చగా పడాలి, భూమిక పెదనాన్నా అనాలి.

"తీసేది లేదు సార్" అన్నాడు కన్నడంలోనే. "ఎట్లయినా ఎవరూ నమ్మలేదు. దానితో మీకు ఇబ్బంది రాదు. కార్డు మా అన్నది. ఆయనే నెలంతా వస్తాడు. నేను ఇక రాను."

"సగం బతుకును ఒదులుకుంటాండావురా" అన్నాడు శివరాజు, అక్కడే, తెలుగులో.

ఓబులేశ్ బెల్టు విప్పి బల్ల మీద పెట్టాడు. యూనిఫాం ఉతికి పంపిస్తానన్నాడు.

బోరమ్మ పది రోజులు అతనితో మాట్లాడలేదు. శివరాజు నెలంతా డ్యూటీకి పోతూ, ఇంటికి రాగానే ముఖం పక్కకు తిప్పుకునేవాడు. రత్న వేరుశెనగ పీకడానికి కూలికి పోసాగింది. ఒకనాడు మట్టిచేతులు కడుక్కుంటూ, "చెప్పి చెడ్డావయ్యా" అంది. మళ్ళీ కాసేపటికి తానే, "చెప్పకపోయినా చెడేవాడివి లే" అంది. ఓబులేశ్ గొర్రెలన్నీ తానే తోలుకునేవాడు. ఇక దాక్కునే పని లేదు కాబట్టి, మేత బాగున్న ప్లాంటు కంచె వెంటే పోయేవాడు. అంతకుముందు లోపలి నుంచి నడిచిన కంచెనే ఇప్పుడు బయటి నుంచి నడిచేవాడు. ఒక్కోనాడు అవతలి వైపు అన్న లాఠీ పట్టుకుని ఎదురయ్యేవాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవాళ్ళు. నెల గడిచాక శివరాజు కంచె సందులోంచి బీడీ ఒకటి చాచాడు. ఓబులేశ్ తీసుకున్నాడు.

కార్తీకంలో ఒకనాడు నాగలమడికలో గుడికి పోయి వస్తున్న వాళ్ళు రోడ్డు మీద బండి ఆపారు. మొగుడూ పెళ్ళాం, హిందూపురం వాళ్ళట. గొర్రెల మధ్య నిలబడ్డ ఓబులేశ్‌ను చూసి ఆమె మొగుడి వీపు చరిచింది.

"శివరాజు గారే! ఫోటో దిగొచ్చాండీ?"

"శివరాజు మా అన్నమ్మా. డ్యూటీలో ఉండాడు. గేటు ఆ పక్క ఉండాది" అని చెయ్యి చూపించాడు.

ఆ మనిషి గేటు వైపు చూశాడు, ఎండ చూశాడు. "ఎవరైతే ఏముంది లెండి, ముఖం అదే గదా" అన్నాడు.

ఓబులేశ్ కాదనలేదు. తలగుడ్డ సర్దుకుని వాళ్ళ పక్కన నిలబడ్డాడు. ఫోటో అయ్యాక అడిగాడు.

"యాడన్నా పెడితే ఓబులేశ్ అని రాయప్పా. ఓ, బు, లే, శ్."

రాస్తానన్నాడు ఆ మనిషి. ఆమె బండి ఎక్కి చెయ్యి ఊపింది. వాళ్ళు రాశారో లేదో రత్నను చూడమని ఓబులేశ్ అడగలేదు. గొర్రెలు అప్పటికే ఎవరిదో చేనులో పడ్డాయి. అదిలిస్తూ వాటి వెనక పరుగెత్తాడు.