చుట్టబట్టలో బరువు

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువులో ఎండ ఎక్కకముందే వలలు గట్టుకొస్తాయి. బుగ్గయ్య చేపలు దులిపి గంపలో పోస్తే, కాశమ్మ నెత్తిన చుట్టబట్ట పెట్టుకుని, దానిమీద గంప ఎత్తుకుని, రావిర్యాల, తుక్కుగూడ తిరిగి అమ్ముకొస్తుంది. మగవాళ్ళు కావడి మోస్తారు, ఆడవాళ్ళు గంప మోస్తారు. మగవాళ్ళ భుజాలు కాయలు కాస్తాయి, ఆడవాళ్ళ మెడలు అరుగుతాయి. భుజం మీద కాయ నలుగురికీ కనిపిస్తుంది కనుక దానికి మర్యాద ఉంది. మెడ అరుగుదల ఎవరికీ కనబడదు కనుక దానికి నకరాలని పేరు పెట్టారు.

ఆ ఊళ్ళో ఒకరి చుట్టబట్ట ఇంకొకరు పెట్టుకోరు. పాత చీరముక్కను చుట్టి చేసిన ఆ కుదురు తాను మోసిన బరువులన్నీ దాచుకుంటుంది మరి. వేరేవాళ్ళు నెత్తిన పెట్టుకుంటే, నిన్న మోసింది ముందు, మొన్న మోసింది తర్వాత, అలా వరసగా వాళ్ళ మెడమీదికి దిగుతాయి. ఒకరి ఎంగిలి తినకూడదన్నట్టే ఇదీ ఒక కట్టుబాటు.

కాశమ్మకు ఏడాదిగా మెడనొప్పి. మొదట్లో పొద్దునపూట పట్టేసేది. తర్వాత కుడిచేతి వేళ్ళదాకా తిమ్మిరి దిగింది. ఎవరైనా పిలిస్తే మెడ తిప్పలేక మనిషి మొత్తం తిరిగేది. బుగ్గయ్య కల్లు దుకాణంలో అలాగే తిరిగి చూపించి అందరినీ నవ్వించేవాడు. ఒకసారి మెడలు విరిచేవాడిని ఇంటికి తీసుకొచ్చి ఆమె మెడ ఫట్టుమనిపించాడు. మూడు రోజులు ఆమె నీళ్ళ ముంత ఎత్తలేకపోయింది. చివరికి తనే పట్నం దవాఖానకు పోయి చీటీ రాయించుకొచ్చింది.

"మెడ బొక్కల నడుమ మెత్తలుంటయంట. నాయి అరిగినయంట, మళ్ళ రావంట," అని చెప్పింది. "గని నొప్పి తగ్గించుకోవచ్చంట. నెత్తిమీద బరువు పెట్టొద్దు, తలకింద ఎత్తు పెట్టొద్దు. ఉప్పు కాపడం పెట్టాలె, పొద్దుమాపు మెడ మెల్లగ తిప్పాలె. ఎవ్వలతోని విరిపియ్యొద్దని డాక్టరు మరీ మరీ చెప్పిండు."

"అరగనీకె అవేమన్న చెప్పులానె?" అన్నాడు బుగ్గయ్య. మర్నాడు గంప ఎప్పటికన్నా నిండుగా నింపాడు. కాశమ్మ చీటీ మడిచి దూలం సందున పెట్టి గంప ఎత్తుకుంది.

ఆమె ఇంకో మాట అనగలిగి ఉండీ అనలేదు. కిందటేడు రజాకార్లు ఊరిమీద పడ్డ రోజు బుగ్గయ్య చెరువు తుంగలో గొంతుదాకా మునిగి కూర్చున్నాడు. కదలలేని అతని తల్లి ఈదమ్మను గంపలో కూర్చోబెట్టి, ఉన్నపళంగా కొత్తగా, ఇప్పుడు వాడుతున్న ఈ చుట్టబట్టే చుట్టుకుని, రావిర్యాలదాకా నెత్తిన మోసింది కాశమ్మే. మెడ మొదటిసారి కలుక్కుమన్నది ఆ దారిలోనే. ఊరు మాత్రం బుగ్గయ్యే తల్లిని మోశాడనుకుంది. ఎవరో అలా అన్నారు, అతను కాదనలేదు. ఈదమ్మ ఆ చలికాలం పోయింది. ఎవరైనా ఆ మాటెత్తి మెచ్చుకుంటే అతను తేలు కుట్టిన దొంగలా ఊరుకునేవాడు. సిగ్గు తీరే దారిలేక పెళ్ళాం మెడను చూసి నవ్వడం మరిగాడు.

పోలీసు యాక్షనైంది, రజాకార్లు పోయారు, కానీ ఊరికి ఊపిరాడలేదు. రాచకొండ గుట్టల్లో ఉన్న కమ్యూనిస్టు దళాలను పట్టుకునేందుకు మిలిట్రీ క్యాంపు పడింది. ఆ ఎండాకాలం, గుట్టలకు తూటాలు చేపల గంపల్లో పోతున్నాయని పోలీసు పటేలు రాంచంద్ర చెవిన పడింది. పొద్దున్నే చేపలమ్మే ఆడవాళ్ళంతా చుట్టబట్టలు చావడికి తేవాలని డప్పు కొట్టించాడు. ఒక్కొక్కటీ తనే నెత్తిన పెట్టుకుని చూస్తాడట.

ఆ సాయంత్రం కాశమ్మ గోడకానుకుని మెడకు ఉప్పు మూట పెట్టుకుంది. మూట చల్లారి చాలాసేపైనా తీయలేదు.

"ఈ చుట్టబట్ట తీస్కపోవాల్నా?" అని అడిగింది.

"పోవాలె. చేపల నీసు తప్ప ఏముంటది దాంట్ల?" అంటూ బుగ్గయ్య, కట్టుబాటు మరిచి, ఎకసెక్కానికి దాన్ని తన నెత్తిన పెట్టుకున్నాడు.

ముందు చేపలు దిగాయి, గంప వెంట గంప. నవ్వు ఆగిపోయింది. మెడలో సూదులు గుచ్చుకున్నాయి, చేతివేళ్ళు మొద్దుబారాయి. చేపలకింద మధ్యమధ్య ఇనుము దిగింది. అన్నిటికన్నా అడుగున ఒక ముసలి ప్రాణం, అటూ ఇటూ ఒరుగుతూ, దగ్గినప్పుడల్లా అదురుతూ. బుగ్గయ్య కూలబడ్డాడు. చుట్టబట్ట తీసేందుకు కూడా చెయ్యి లేవలేదు, కాశమ్మే తీసింది.

"ఇనుము ఎప్పటిసంది?"

"దసర సంది. మా తమ్ముడు హన్మంత్ గుట్టలల్లనే ఉన్నడు."

"నాకు చెప్తే ఏమైతుండె?"

కాశమ్మ మనిషి మొత్తం అతనివైపు తిరిగింది. "చెప్తే నువ్ మళ్ళ యాడ దాక్కుంటవో అని చెప్పలే," అంది.

 కొత్తది చుట్టి తీసుకుపోదామన్నా లాభం లేదు. బరువులేని చుట్టబట్ట తెస్తే అసలుది దాచారని పటేలుకు తెలిసిపోతుంది.

పొద్దున చావడి ముందు ఆడవాళ్ళ వరసలో బుగ్గయ్య ఒక్కడే మగవాడు. జనం నవ్వారు.

"ఇది నాది," అన్నాడు.

"మొగోనివి, నీకు చుట్టబట్ట ఏందిరా?" అన్నాడు పటేలు.

"కాశమ్మ మెడబొక్కల నడుమ మెత్తలు అరిగినయి, పటేలా. బరువు మొయ్యొద్దని దవాఖాన చీటీ ఉంది. చెరువు కట్టదాక ఆమె ఎత్తుకుంటది. కట్ట దాటినంక నేను మోస్తున్న."

"మొన్నటిదాక నకరాలంటివి గదరా."

"ఆడోళ్ళ గంప మోస్తున్ననని చెప్పనీకె సిగ్గై గట్లన్న."

బుగ్గయ్య తీసిచ్చిన ఉర్దూ చీటీని పటేలు చదివాడు. అయినా నమ్మకం కుదరక చుట్టబట్ట నెత్తిన పెట్టుకున్నాడు. మెడ వంగింది. "చేపలు," అన్నాడు. కాసేపటికి, "ఇనుము," అన్నాడు. క్యాంపు జమేదారు కాశమ్మవైపు అడుగు వేశాడు. పటేలు చెయ్యెత్తి ఆపాడు.

"ఆగుండ్రి. అడుగున ఎవరో ముసలామె ఉంది. దగ్గుతున్నది." ఆ దగ్గు ఊరంతా ఎరిగిందే. "ఈదమ్మ. తల్లిని మోసింది వీడేనని ఊరందరికి ఎరుక. చుట్టబట్ట వీనిదే, ఇనుము గూడ వీనిదే."

ఊరు అవునంది. వజ్రమ్మ అనే ముసలామె కళ్ళొత్తుకుంటూ, "గసొంటి కొడుకు ఎవలకుంటడు," అంది. బుగ్గయ్యకు నేల చీలితే అందులోకి పోవాలనిపించింది. కాదంటే కాశమ్మను తీసుకుపోతారు. అందుకని ఆ పొగడ్తను తలవంచుకుని మోశాడు.

చేతులు వెనక్కి కట్టి లారీ ఎక్కించబోతుంటే కాశమ్మ దగ్గరికి వచ్చింది.

"అత్త ఎంత బరువుండె?" అని మెల్లగా అడిగింది.

"నిన్ననే ఎరుకైంది," అన్నాడు ఆమె ముఖం చూడలేక. "చీటీల ఉన్నట్టు చెయ్యి. తలకింద ఎత్తు పెట్టుకోకు."

రెండేళ్ళకు వదిలిపెట్టారు. కేసు కాగితాలతో కట్టి ఉంచిన చుట్టబట్టను కూడా దస్కతు చేయించుకుని తిరిగిచ్చారు. కాశమ్మ గంప మానేసి, చెరువు కట్టమీద కూర్చునే చేపలు అమ్ముకుంటోంది. మెడ పూర్తిగా నయం కాలేదు, అరిగిన మెత్తలు మళ్ళీ వచ్చేవీ కావు. చేతి తిమ్మిరి మాత్రం తగ్గింది. బుగ్గయ్య పిలిస్తే సగందాకా మెడ తిప్పి చూసింది.

ఆ వారమే అతను కల్లు దుకాణానికి పోయి అందరిముందూ చెప్పాడు. "మా అవ్వను మోసింది నేను గాదు, కాశమ్మ. నేను తుంగల దాక్కున్న."

ఎవరూ నమ్మలేదు. "పటేలు నెత్తిన పెట్టుకుని మరీ చూసిండు గదనే. చుట్టబట్ట అబద్ధమాడుతదా?" అని నవ్వి, అతని ముంతలో ఇంకొంచెం కల్లు పోశారు.

ఇప్పుడు తుక్కుగూడకు గంప బుగ్గయ్యే మోస్తాడు. కొత్త చుట్టబట్ట చుట్టుకొమ్మని కాశమ్మ చెప్పి చూసింది, వినలేదు. పాతదే పెట్టుకుంటాడు. కట్ట దాటి నాలుగడుగులు వేశాడో లేదో, నెత్తిమీద ఈదమ్మ దగ్గడం మొదలుపెడుతుంది.