వెలుగు పడేంత ఇల్లు

హైమ చెవిదిద్దుకి వెనక బిగించే శీల మంచం కిందికి దొర్లిపోయిన ఆదివారం మధ్యాహ్నం నుంచి మా ఇల్లు పొడుగవడం మొదలవుతుంది.

మొదట ఇంట్లో ఉన్న పాత టార్చితోనే వెతుకుతాను. దాని వెలుగు మంచం కోడు దాకా వెళ్ళి, ఇక నావల్ల కాదన్నట్టు అక్కడే కూలబడుతుంది. శీల కనిపించదు. దిద్దు కొంగున ముడేసుకుని, ఆ చెవికి వేపపుల్ల ముక్క పెట్టుకుని నా వెనకే నిలబడి ఉంది హైమ.

"తొందరగా చూడండి. పుల్లతో ఎన్నాళ్ళని తిరగను, చెవి పూడుకుపోద్ది," అంటుంది.

"కొత్త టార్చి కొనుక్కొస్తాను."

"చీపురు పెట్టి ఓ లాగు లాగితే వచ్చేదానికి టార్చెందుకండీ?"

నేను అప్పటికే చొక్కా వేసుకుంటున్నాను. చీపురుతో వెతికే మనిషిని కాను నేను. కాకినాడ మెయిన్ రోడ్డులో పెయింట్ల కొట్లో రంగులు కలుపుతాను. తెల్లరంగు కావాలన్నవాణ్ణి ఏ తెలుపని నిలదీస్తాను. కొంతమంది ఆ మాటకే పక్క కొట్టుకి పోతారు. పోనీ.

మా కొట్టుకి ఎదురుగానే నూకరాజు ఎలక్ట్రికల్ షాపు. కౌంటర్ వెనక అతను కుర్చీలో కాకుండా బల్బుల పెట్టెమీద కూర్చుంటాడు.

"ఎంత దూరం చూడాలండి?" అంటాడు.

"మంచం కింద, గోడ దాకా."

"గోడ మాట వదిలెయ్యండి. అది టార్చిని బట్టి జరుగుద్ది," అని, బొటనవేలంత నల్ల టార్చి ఒకటి నా అరచేతిలో పెడతాడు. దాని ఒంటికి సన్నగా గరుకు ఉంది, చెమట చేతిలోనూ జారదు. తోకమీద నొక్కితే టిక్కుమంటుంది. ఆ టిక్కుకే నా మనసు సగం పోతుంది.

ఖాళీ అట్టపెట్టెలోకి వేసి చూస్తాను. నడిమి గుండ్రం తెల్లగా, దాని చుట్టూ పలచటి వెలుగు, ఆ రెంటికీ మధ్య గీతంటూ లేదు. ఎక్కడ ఒకటి అయిపోయి ఇంకొకటి మొదలవుతుందో నాలాంటివాడికే అంతుచిక్కదు. అంతవరకు నేను వెలుగులో వస్తువుల్నే చూస్తూ వచ్చాను. వెలుగుని చూడ్డం అదే మొదలు.

"బాగుందాండి?" అంటాడు నూకరాజు.

నాకు పెట్టెలోంచి తల బయటికి తియ్యాలనిపించడం లేదు.

ఇంటికొచ్చాక మంచం కిందికి వంగాలనే అనుకుంటాను. కానీ హాల్లో ఎదురుగా నేనే రంగేసిన తెల్లగోడ ఉంది. ముందు దానిమీద ఓసారి వేసి చూద్దాం, శీల ఎక్కడికి పోతుంది అనుకుని టిక్కుమనిపిస్తాను. గోడ వెనక్కి జరుగుతుంది, బస్సులో పెద్దవాళ్ళకి చోటిచ్చే మనిషిలా. వెలుగు ఎంత దూరం పోగలదో అంత దూరం జరిగి, అక్కడ ఆగుతుంది. ఆ గోడకే వంటింటి గుమ్మం ఉంది కాబట్టి గుమ్మమూ, వంటిల్లూ, పోపు వేస్తున్న హైమా దానితోపాటే వెళ్తారు.

"శీల దొరికిందా?" అని అక్కణ్ణుంచి అరుస్తుంది.

"దొరకలేదు. వెలుగు మాత్రం చాలా బాగుంది."

భోజనానికి వెళ్ళాలంటే ఇప్పుడు కాస్త నడవాలి. నడిచి వెళ్తాను. చారు వేడిగానే ఉంది.

కానీ అంత దూరం జరిగాక గోడమీద ఆ చిన్న టార్చి వెలుగు చాలడం లేదు. నీరసంగా పడుతోంది. అందుకని ఇంకొంచెం పెద్దది కొంటాను. గోడ దానికి తగ్గట్టు ఇంకొంచెం జరుగుతుంది. తప్పు నాది కాదు, గోడది అనుకుని ఇంకోటి కొంటాను.

ఒకదాని వెలుగులో పండిన మామిడిపళ్ళు పచ్చికాయల్లా కనిపిస్తాయి. ఇంకోదాని వెలుగులో పచ్చికాయలు పండిపోతాయి. ఒక రాగి టార్చి ఉంది, పట్టుకున్నకొద్దీ నా వేళ్ళ గుర్తుల్లో నల్లబడుతుంది. దాన్ని తోమనివ్వను. టార్చి మరలు విప్పి, పాత గ్రీజు తుడిచి, కొత్తది వేలికొసతో రాసి మళ్ళీ బిగిస్తే అవి తిరిగే నునుపు ఉంది చూశారూ, అది చెబితే అర్థమయ్యేది కాదు. హైమకి చెబుతాను. అర్థం కాదు.

"మంచం కింద చూశారా అసలు?" అంటుంది అన్నం వడ్డిస్తూ.

"అంచుల్లో నీలం లేదు హైమా. చాలా టార్చిలకి అంచుల్లో నీలం ఉంటుంది."

"నేను శీల సంగతి అడుగుతున్నానండీ."

"చూస్తాను."

చారు చల్లారిపోయి ఉంది. తప్పు నాదే, నడిచొచ్చేసరికి ఆలస్యమైంది. హైమ చెవిలో పుల్ల మార్చి కొత్త పుల్ల పెట్టుకుంది.

హాలు ఇప్పుడు మా వీధికంటే పొడుగు. ఇటు కిటికీ ఎండ, అటు వంటింటి ఎండ నడుమకి అందక, పట్టపగలు కూడా మధ్యలో చీకటిగా ఉంటుంది. గ్యాసు బండ తెచ్చే సత్తిబాబు ట్రాలీ ఆటో గుమ్మంలోంచి లోపలికే పోనిస్తాడు. తిరిగొచ్చి నా దగ్గర ఆపి, మొహం తుడుచుకుంటాడు.

"మధ్యలో ఏం కనబట్లేదండి. హారన్ కొట్టుకుంటా ఎల్లాను. మీ వంటింటికి వేరే ఏరియా రాయించుకోవాలండి, మాకు లెక్కలో తేడా వచ్చేత్తంది," అంటాడు.

"హైమ ఎలా ఉంది?"

"బాగానే ఉన్నారండి. మీ గురించి అదే మాట అడిగారు."

ఆ మాట నాకు కొంచెం గుచ్చుకుంటుంది. సత్తిబాబు వెళ్ళాక నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే దూరం కొట్టేదాన్ని రెండు చేతులా ఎత్తి వంటింటివైపు వేస్తాను. హైమ కనిపిస్తుంది, నా చిటికెన వేలంత. నేరేడుపండు రంగు చీర కట్టుకుంది. ఆ రంగు సరిగ్గా నేరేడు రంగులాగే కనిపిస్తోంది, ఏమాత్రం తేడా లేదు. ఎంత మంచి వెలుగు అనుకుంటాను. హైమ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. పెదవులు కదుపుతుంది. మాట నాదాకా రాదు.

అన్నం క్యారేజీలో వస్తుంది, సత్తిబాబు ఆటోలో. ఒక్కణ్ణే టార్చిల అద్దాల బీరువా ముందు కూర్చుని తింటాను. నాకు హైమ కావాలనిపిస్తుంది. పక్కన కూర్చుని, విస్తరాకుల కట్ట ఎక్కడ పెట్టారని నామీద విసుక్కునే హైమ. ఆవిడ మొహం సరిగా చూసి ఎన్నాళ్ళయిందో. చూడాలి. చూడాలంటే ఇంకా పెద్ద టార్చి కావాలి కదా.

నూకరాజు దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి ఇస్తాడు. వెలిగించగానే హైమ మొహం ఒక్క క్షణం స్పష్టంగా కనిపించి, వంటింటితోపాటు వెనక్కి వెనక్కి పోయి, ఆవగింజై ఆగిపోతుంది.

అప్పుడు నాకు భయం వేస్తుంది. మళ్ళీ షాపుకి పరుగెడతాను.

"మీరు పెద్దది కొన్నారండి, ఇల్లు దానికి తగ్గట్టు సర్దుకుంది. వెలుగు పడ్డానికి చోటివ్వాలి గదండి," అంటాడు నూకరాజు.

"మరి హైమ?"

"ఆవిడగారూ ఇంట్లో వారేగదండి," అంటాడతను నెమ్మదిగా. "ఇంటితోపాటే ఎల్తారు."

ఇంటికొచ్చి పెద్దదాన్ని ఆర్పేస్తాను. తర్వాత రాగిది ఆర్పుతాను. బీరువాలో వెలుగుతున్నవన్నీ ఒక్కొక్కటే ఆర్పుతాను. ప్రతి టిక్కుకీ గోడ ఇటువైపు కొంచెం వస్తుంది. వస్తూ వస్తూ సగంలో ఆగిపోతుంది. నా దగ్గర వెలుగుతున్నది ఇంకేదీ లేదు. అయినా గోడ రాదు.

కారణం వెలుగై నామీద పడుతుంది. తెల్లగా, గుండ్రంగా, నడుమా చుట్టూ తేడా తెలియకుండా. వంటింట్లోంచి వస్తోంది.

"మేడంగారూ ఒకటి తెప్పించుకున్నారండి," అంటాడు క్యారేజీ తీసుకొచ్చిన సత్తిబాబు, అడక్కుండానే. "మీరు కనబట్లేదని ముందు చిన్నది తెమ్మన్నారు. తర్వాత ఇంకా పెద్దది తెమ్మన్నారు. నేనే తెచ్చి ఇచ్చానండి. ఆయ్."

"వెళ్ళి ఆర్పెయ్యమని చెప్పు. ఆర్పితే దగ్గరికొచ్చేస్తాం."

అతను హారన్ కొట్టుకుంటూ వెళ్ళి, హారన్ కొట్టుకుంటూ తిరిగొస్తాడు.

"ఆర్పరంటండి. ఆర్పేత్తే మీరు ఉన్నారో లేరో తనకెలా తెలుద్దని అడగమన్నారు."

సత్తిబాబు వేరే ఇళ్ళ బండలున్నాయని వెళ్ళిపోతాడు.

నేను ఆ వెలుగులో నిలబడతాను. మంచి వెలుగే, నావాటికంటే మంచిది ఎంచుకుంది. కానీ దానివెనక ఏముందో నాకు కనిపించడం లేదు. చెయ్యి అడ్డం పెట్టుకుంటాను. హైమ చెయ్యి కనబడదు, చీర కనబడదు, వంటింటి గుమ్మం కనబడదు. ఆవిడ నన్ను ఎంత బాగా చూస్తోందో, నాకు ఆవిడ అంత మాయమైపోయింది. టార్చికి ఇటువైపు నిలబడ్డం నాకు ఇదే మొదటిసారి.

ఇన్నాళ్ళూ హైమ ఇక్కడే నిలబడింది. ఇన్నాళ్ళూ నేను ఆవిడకి ఒక తెల్లటి గుండ్రాన్ని మాత్రమే.

బీరువాలోంచి మొదట కొన్న బొటనవేలంత టార్చి తీస్తాను. వంటింటివైపు వెయ్యను. తిప్పి పట్టుకుని, గడ్డం కింద పెట్టుకుని, నా మొహంమీదే వేసుకుంటాను. కళ్ళు మండుతాయి. అలాగే ఉంటాను.

చాలాసేపటికి అవతలి వెలుగు నామీంచి పక్కకి తప్పుకుంటుంది. కప్పుమీద తడబడుతుంది. తర్వాత అదీ వెనక్కి తిరుగుతుంది. అంత దూరాన చీకట్లో చిన్నగా హైమ మొహం వెలుగుతుంది.

ఇప్పుడు ఇంట్లో ఉన్న వెలుగులు రెండూ చేతికీ మొహానికీ మధ్య ఉన్నంత దూరమే పోతున్నాయి. ఇల్లు మాట వినే ఇల్లు. గోడ బయల్దేరుతుంది. సోఫా నా పక్కనుంచి జరిగిపోతుంది, క్యాలెండరు జరిగిపోతుంది, ఫ్యాను తిరుగుతూనే తలమీదుగా వెళ్తుంది. కుక్కరు కూత దగ్గరవుతుంది, పోపు వాసన వస్తుంది. హైమ మొహం ఆవగింజ నుంచి నిమ్మకాయై, నిమ్మకాయ నుంచి మొహమంతై, నా ముక్కుకి జానెడు దూరంలో ఆగుతుంది.

"కిందనుంచి వెలుగేసుకుంటే దెయ్యంలా ఉన్నారండీ," అంటుంది.

"ఇన్నాళ్ళూ ఎలా ఉన్నాను?"

"ఇన్నాళ్ళూ లేరు."

ఇద్దరికీ పక్కకి జరగడానికి చోటు లేదు. ఆవిడ చెంప తడిగా ఉంది, నాదీ తడిగానే ఉంది, ఎవరిది ఎవరికి అంటుకుందో తెలియదు. చెవిలో పుల్ల ఎండిపోయి ఉంది. హైమ దాన్ని లాగేస్తుంది.

"పూడుకుపోయిందేమో చూడండి."

నా టార్చి ఆవిడ చెవి దగ్గర పెడతాను. పూడుకుపోలేదు. వెలుగు చెవి కన్నంలోంచి దూరి, అవతలివైపు దారంలా సన్నగా దిగుతుంది. ఆ దారం కొస నేలమీద, నా బొటనవేలి పక్కన ఆనుతుంది. అక్కడ శీల ఉంది.

వంగి తీస్తాను. ఇన్ని టార్చిలు కొన్నాక, టార్చితో నాకు దొరికిన మొదటి వస్తువు అదే.

"బిగించనా?"

హైమ కొంగు ముడి విప్పి దిద్దు తీసి చెవికి పెట్టుకుంటుంది. "బిగించండి. బిగిస్తే వెలుగు పోద్ది మరి."

"పోనీ."

రెండు టార్చిలూ ఆర్పి, చేత్తో తడిమి శీల పట్టించి తిప్పుతాను. గ్రీజు రాసిన టార్చి మరలాగే నునుపుగా తిరుగుతుంది. ఒక్కో చుట్టుకీ ఇల్లు ఇంకాస్త దగ్గరకొస్తుంది, మేమూ దానికి తగ్గట్టు సర్దుకుంటాం. చివరి చుట్టుకి అన్నీ కుదురుకుంటాయి. మంచం ఉంది, బీరువా ఉంది, వంటిల్లు పక్కనే ఉంది, ఇద్దరం కాళ్ళు చాపుకుని కూర్చోడానికి చోటుంది. ఇల్లు ఇప్పుడు శీలంత ఉంది, హైమ చెవి వెనకే ఉంది.

బయట హారన్ వినిపిస్తుంది. "గ్యాసండీ," అంటున్నాడు సత్తిబాబు. "గుమ్మం ఎటుందండి?"

"చెవి వెనక్కి రా," అంటుంది హైమ నా పక్కనుంచి.

చారు వేడిగా ఉంది. బయట, చాలా ఎత్తున, ఆ శీల పెట్టుకున్న పెద్ద హైమ ఎవరో పిలిచినట్టు తల తిప్పుతుంది. మా ఇల్లు కొంచెం ఊగి, గిన్నెలు ఒకదానికొకటి తగులుతాయి. లోపల హైమ నా చెయ్యి పట్టుకుని, ఊగడం ఆగేదాకా వదలదు.