వంటగట్టు ఎత్తు

నేను పొట్టిదాన్ని. ముప్ఫై ఏళ్ళుగా పీట మీద నిలబడే వంట చేశాను. మేం మారిన ప్రతి అద్దె ఇంట్లోనూ వంటగట్టు నాకు ఎత్తే. పీట ఎక్కకపోతే పొయ్యి మీద గిన్నెలో ఏముందో కనపడదు. "మీ అమ్మ స్టేజీ ఎక్కింది, ఇక అన్నానికి లోటు లేదు" అని మా ఆయన అమ్మాయితో అంటుండేవారు.

అందుకే ఆ సముద్రపు ఊళ్ళో అద్దెకు దిగిన ఇంట్లో మొదటిరోజు ఉల్లిపాయలు తరుగుతుంటే ఏదో తేడాగా అనిపించింది. అదేమిటో మూడోరోజుకి గానీ తెలియలేదు. భుజాలు నొప్పెట్టడం లేదు. గట్టు సరిగ్గా నా నడుముకి వస్తోంది. ఈ ఇల్లు కట్టించినావిడ కూడా నాలాంటి పొట్టిదే అయివుంటుంది అనుకుని, ముఖం చూడని ఆ మనిషి మీద కాస్త అభిమానం కూడా పెంచుకున్నాను.

"పదిరోజులుండి చూద్దాం. నీకు నచ్చితేనే. నచ్చకపోతే పదకొండో రోజు బస్సెక్కుదాం, ఇంకో మాట ఉండదు" అని తీసుకొచ్చారు మా ఆయన. ఉద్యోగం దిగిపోయాక ఆయనకి సముద్రం పిచ్చి పట్టింది. నాకు మాత్రం పట్నంలో మా అద్దె ఇంటి ముందుగదిలో ఇరవై రెండేళ్ళుగా టైలరింగ్ షాపు ఉంది. రెండు మిషన్లు, కాజాలు కుట్టే చెల్లెలిలాంటి ఒక పిల్ల, కొలతల పుస్తకం చూడకుండానే నేను జాకెట్టు కత్తిరించగల ఓ డెబ్భై మంది ఆడవాళ్ళు. అదంతా వదులుకోవడం చిన్న సంగతి కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

ఆ ఊరు ఒకటే వీధి. ఆ చివర్నించి ఈ చివరిదాకా గదుల అద్దె బోర్డులు, అద్దె స్కూటర్లు, వరండాల్లో ఆరేసిన తడి తువ్వాళ్ళు. నెత్తిన పడతాయని కొబ్బరికాయలు ముదరకుండానే హోటళ్ళవాళ్ళు కోయించేస్తారు, అందుకని చెట్లన్నీ బోడిగా ఉంటాయి. ఉప్పుగాలికి నా కత్తెర నాలుగురోజుల్లో తుప్పు పట్టింది. అయినా, తెల్లవారి ఊరు లేవకముందు ఆ ఇసుకలో నడిస్తే మోకాళ్ళు తేలిగ్గా ఉండేవి. వీధి మలుపులో హోటలు నడిపే ఆవిడ నా జాకెట్టు చెయ్యి పట్టుకుని చూసి, "మా దిండ్ల గలీబులు మీరు కుట్టిపెట్టకూడదా?" అని అడిగింది.

తొమ్మిదోరోజు సాయంత్రం, గట్టు మీద చెయ్యి ఆనించి టీ కాస్తూ, సరే అనుకున్నాను. మిషన్ ఏ కిటికీ పక్కన పెట్టాలో కూడా చూసుకున్నాను. పొద్దున్న టీ చేతికిచ్చి చెబుదామని ఊరుకున్నాను. మరీ అంత తొందరగా ఒప్పుకుంటే అలుసైపోనూ?

పొద్దున్న లేచేసరికి ఆయన ఒడ్డుకి నడకకి వెళ్ళిపోయారు. పెరట్లో పగిలిన తొట్టి అతకడానికి తాపీమేస్త్రి వచ్చాడు. వంటింట్లోకి తొంగిచూసి, "గట్టు సరిపోయిందాండీ అమ్మగారూ?" అన్నాడు.

"నువ్వు కట్టిందేనా?"

"ఇంత కిందికి కట్టడం నా సర్వీసులో ఇదే. పిల్లల బడికనుకున్నా. సారు సంచీలో పీట పట్టుకొచ్చి, మామూలు ఎత్తులోంచి దీని ఎత్తు తీసెయ్ అన్నారు. నాలుగంగుళాలు."

"ఏ సారు?"

మేస్త్రి నవ్వాడు. "ఇంకే సారండీ, మీ సారే. ఏడాది కావస్తోంది."

"అద్దె ఇంట్లో గట్టు కొట్టించి కట్టిస్తారా ఎవరైనా?"

"అద్దేంటండీ, సొంతిల్లైతేనూ" అని, నా ముఖం చూసి ఆగిపోయాడు. "పీట పెరట్లోనే ఉందండీ, డ్రమ్ము కింద" అని మాత్రం అన్నాడు.

ఉంది. ఒక మూల ఇస్త్రీపెట్టెకి కాలిన మచ్చ. నా పాదాలకి అరిగిన రెండు గుంటలు. నిరుడు అది కనబడక ఇల్లంతా వెతికాను. చెద పట్టింది, పారేశానన్నారు. స్నేహితుడి ఇంటికని చెప్పి ఊరెళ్ళొచ్చి, కొత్త పీట కొనితెచ్చారు కూడా. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఈ ముక్క ఏడాదిపాటు దాచారు.

అమ్మాయికి ఫోన్ చేశాను. "నీకు తెలుసా?" అన్నాను.

అది ఏం తెలుసని అడగలేదు. అక్కడే నాకు అర్థమైపోయింది. "నాన్న సర్‌ప్రైజ్ అన్నారమ్మా. పీట తీసుకెళ్ళమని నేనే చెప్పా. అమ్మ గట్టు ఒక్కటి బాగుంటే ఎక్కడైనా ఉంటుందని..."

"ఇంకా ఏం తెలుసు నీకు?"

"పట్నం ఇల్లు నెలాఖరుకి ఖాళీ చేస్తామని ఇంటివాళ్ళకి చెప్పేశారు నాన్న. ముందుగది మందుల షాపుకి ఇస్తున్నారట. అమ్మా, నీకు నచ్చలేదా ఇల్లు?"

అదే ప్రశ్న ఆయనా అడిగారు, కాళ్ళ ఇసుక దులుపుకుంటూ లోపలికొచ్చి, గుమ్మం పక్క నిలబెట్టిన పీటని చూసి. "ముందు ఇది చెప్పు. నచ్చిందా, లేదా?"

"నచ్చింది. నిన్న సాయంత్రమే సరే అనుకున్నాను."

ఆయన ముఖం విప్పారింది. "మరింకేం? ముందే చెబితే వద్దనేదానివి. నీ సంగతి నాకు తెలీదూ? నీ కోసమే కదా, గట్టుతో సహా..."

"వద్దంటానని తెలిసే కొన్నారన్నమాట."

"ఇప్పుడు వద్దనడం లేదు కదా."

"ఇరవై రెండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ కొలతలు తీస్తున్నానండీ. మనిషికి తెలియకుండా ఒక్క కొలతా తీయలేదు. మీరు, అమ్మాయి, ఇంటివాళ్ళు, మేస్త్రి, అందరికీ తెలుసు. నేనొక్కదాన్నే పదిరోజులుగా ఆలోచిస్తున్నాను, నిజంగా ఏదో నా చేతిలో ఉన్నట్టు."

"సరే, తప్పయింది. అయిపోయిందాన్ని ఏం చేస్తాం చెప్పు."

పెరట్లో తాపీ చప్పుడు ఆగింది. మేస్త్రిని పిలిచాను. "ఈ గట్టు ఎత్తు పెంచాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?"

"పెంచడమేంటండీ? మీకు అందదు కదా."

"నాక్కాదు. సారుకి. రేపట్నించి వండుకునేది ఆయనే."

మేస్త్రి ఆయన వైపు చూశాడు. ఆయన నవ్వబోయి మానేశారు. నేను సంచీలోంచి టేపు తీశాను. ఆయన చొక్కాలన్నీ నేను కుట్టినవే. టేపు చూడగానే అలవాటుగా చేతులు పక్కకి చాపి, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. మోచెయ్యి మడవమని, కింది కొస నా కాలితో తొక్కిపెట్టి కొలిచాను. "నలభై మూడు అంగుళాలు. మోచేతికంటే గట్టు ఎంత కిందికుండాలో నీకే తెలుసు మేస్త్రీ."

"మధ్యాహ్నం బస్సుకా?" అన్నారు ఆయన, మడిచిన చెయ్యి ఇంకా దించకుండానే.

"ఆఁ."

"వెళ్ళి ఎక్కడుంటావు? నెలాఖరుకి ఆ ఇల్లూ..."

"ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఇంటివాళ్ళతో నేను మాట్లాడుకుంటాను. ఒప్పుకోకపోతే ఇంకో గది చూసుకుంటాను."

కాజాల చెల్లెలికి ఫోన్ చేసి, మిషన్ల మీద దుప్పటి తీసి తుడిచి ఉంచమన్నాను. "మీరింక రారన్నారు కదక్కా!" అంది. "ఎవరన్నారో వాళ్ళే రారులే" అన్నాను. చీరలు మడతపెట్టాను. తుప్పు పట్టిన కత్తెర కాగితంలో చుట్టాను. పీట అడ్డంగా పడితే సంచీ జిప్పు సగమే పడింది.

ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "అక్కడొక పీట ఉంది కదా. ఇది కూడా మోసుకెళ్ళడం దేనికి?" అన్నారు.

"అది మీరు కొన్నది" అని, జిప్పులోంచి బయటికొచ్చిన పీట కోడుకి తువ్వాలు చుట్టాను. "ఇది నాది. ఏ గదిలో దిగినా గట్టు ఎత్తుగానే ఉంటుంది కదండీ."