పిడుగుకి పొడి పరీక్ష

వేలెడంత లేదు, దానికి పరీక్షట. పేరుకు ప్లేస్కూల్. శనివారం పొద్దున రెండు గంటలు కూర్చోబెట్టి చూస్తారట. బట్టలు తడపకుండా, వస్తోందని తనే చెబితే సోమవారం నుంచి తీసుకుంటారట, లేకపోతే లేదట. నా కూతురికి కంటి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. చేరాల్సింది కూడా ఆ సోమవారమే. ఇంట్లో మిగిలేది నేనొక్కణ్ణి, నాది ముందుగదిలో ఇస్త్రీ పని. కాలే ఇస్త్రీపెట్టెనీ రెండున్నరేళ్ళ పిడుగునీ ఒకే గదిలో ఎవరు కాస్తారు?

పిడుగంటే నా మనవరాలే. ఆ పేరు నేను పెట్టిందే, ఇంతవరకూ ఎవరూ కాదనలేదు.

నేర్పే పని నేనే నెత్తిన వేసుకున్నాను. ఒంటికి పోసుకోవడానికి బాతు ఆకారంలో ఉన్న పాటీ కొన్నాం. దాని మీద పిల్లను కూర్చోబెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చుని "స్స్‌స్‌స్" అనేవాణ్ణి. దీని అమ్మకూ అలాగే నేర్పాను. రెండో రోజుకే పని జరిగింది. వీధంతా చాటుకున్నాను.

మూడో రోజు నుంచి తల ప్రాణం తోకకొచ్చింది. పాటీ మీద బుద్ధిగా కానిస్తుంది, మళ్ళీ గంట తిరక్కుండా ముందుగదిలో నేల మీద కానిస్తుంది. బల్ల కింద ఒకసారి, ఉతికి మడిచిన దుప్పట్ల మీద ఒకసారి. అవి ఎదురింటి పళ్ళ డాక్టరుగారివి. వాటిని మళ్ళీ ఉతికి ఆరేసుకునేసరికి సాయంత్రమైంది.

"కావాలనే చేస్తున్నావే నువ్వు" అన్నాను.

అది నావైపు చూసి చప్పట్లు కొట్టింది, మెచ్చుకోమని. నాకు ఒళ్ళు మండింది.

గురువారం మా అమ్మాయి గుమ్మంలో నిలబడి కాసేపు చూసింది. నేను ఒక చొక్కా కాలరు మీద ఆవిరి మీట నొక్కాను. ఇస్త్రీపెట్టె "స్స్‌స్‌స్" అంది. బొమ్మలతో ఆడుకుంటున్న పిడుగు ఆట ఆపి, ఉన్నచోటే నిలబడి పని కానిచ్చేసింది.

"నాన్నా, దాన్నెందుకు తిడతావు? నువ్వు నేర్పిందే చేస్తోంది" అంది అమ్మాయి.

మూడు రోజులుగా అది చెప్పిన మాట వింటుంటే నేను కసురుకుంటున్నాను. సిగ్గేసింది. ఎత్తుకుని, "నాదే తప్పు తల్లీ" అన్నాను. అది నా మీసం పట్టుకు లాగింది.

ఆ వెంటనే ఇస్త్రీ కట్టేశాను. చొక్కాల కోసం వచ్చినవాళ్ళతో కరెంటు తీగ కాలిపోయిందని అబద్ధమాడాను. పిల్లకు మాత్రం ఒకటే పాట: "వస్తోందని చెప్పు, వేలు పట్టుకో, పోదాం." చెవినిల్లు కట్టుకుని పోరాను. శుక్రవారం రెండుసార్లు వచ్చి నా వేలు పట్టుకుంది. మూడోసారి పట్టుకునేలోపే అయిపోయింది.

శనివారం అమ్మాయి భయపడి రానంది. నేనే తీసుకెళ్ళాను. టీచరమ్మ నన్ను గోడవారగా పిల్లల కుర్చీలో కూర్చోమంది. కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. గంట గడిచింది. చెక్కముక్కలు పేరుస్తున్న పిడుగు ఉన్నట్టుండి ఆగి, కాళ్ళు దగ్గరికి పెట్టుకుంది. అది లేచింది. నేను వేలు చాచాను.

నా దగ్గరికి రాలేదు. పక్కనున్న ఆయా దగ్గరికి పోయి, ఆమె వేలు పట్టుకుని "వస్తోంది" అంది. ఇద్దరూ బయల్దేరారు. నేనూ లేచి వెనకాలే పోయాను. బాత్రూం గుమ్మంలో అది వెనక్కి తిరిగి, "తాత వద్దు" అని తలుపు తోసేసింది. సంతోషమూ వేసింది, మనసూ చివుక్కుమంది.

టీచరమ్మ నవ్వింది. "సోమవారం నుంచి తీసుకురండి తాతగారూ. గుమ్మం దగ్గర వదిలేసి వెళ్ళిపోవచ్చు."

వరండాలోకి వచ్చి అమ్మాయికి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"ఏమైంది నాన్నా? తీసుకున్నారా?"

"దాన్ని తీసుకున్నారమ్మా" అన్నాను. "నన్నే వద్దన్నారు."