మూడో భాగం చదివి ఏడ్చిన తండ్రి

బెజవాడ పటమట మెయిన్ రోడ్డుకు రెండు వీధుల లోపల బాలశౌరి గారి అద్దె పుస్తకాల షాపు ఉండేది. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది ఆగస్టులో ఒక సోమవారం ఉదయం ఆ షాపు ముందు పదిమంది ఆడవాళ్ళు గుమిగూడారు. రెండేళ్ళుగా ఎదురుచూస్తున్న నవల ఆఖరి భాగం వచ్చింది మరి.

కథ వాళ్ళందరికీ కంఠోపాఠమే. మొదటి భాగంలో హిమజ వేరే కులం అబ్బాయిని ప్రేమించింది. రెండో భాగంలో తండ్రి ఆమెను గడప దాటించి తలుపేసుకున్నాడు. మూడో భాగంలో ఏమవుతుందోనని పొయ్యి మీద కూర మాడుతున్నా పట్టించుకోకుండా వాదించుకున్న ఇల్లాళ్ళు ఆ పేటలో ఉన్నారు.

"కలుస్తారా బాబాయిగారూ? ఆ ఒక్క ముక్క చెప్పండి చాలు" అంది ముందున్నావిడ.

బాలశౌరి ఆదివారం చర్చిలో పూజ ముగించుకుని రాగానే ఆ పుస్తకం పట్టుకుని కూర్చుని ముగించేశాడు. ఇప్పుడు కళ్ళజోడు తీసి కళ్ళు ఒత్తుకున్నాడు.

"ముందే చెప్తే రుచి పోతుందమ్మా. కానీ చివరి పది పేజీలూ ఏడుస్తూనే చదివాను. తండ్రంటే అలా ఉండాలి. కన్నకూతురి ముందు పంతమెంత, పరువెంత!"

పాఠకులారా, ఈ మాట విన్నవాళ్ళెవరైనా ఆ మనిషి గుండె వెన్నపూస అనుకుంటారు. షాపు ముందున్న ఆడవాళ్ళూ అలాగే అనుకున్నారు. గోడకు అవతల, వెనకగదిలో కూర్చుని చిరిగిన పుస్తకాలకు సూదీదారంతో కుట్టు వేస్తున్న ఆయన భార్య తెరేసమ్మకు మాత్రం ఆ మాటతో చెయ్యి ఆగిపోయింది. ప్రాణం లేచివచ్చినట్టయింది.

ఆమెకు ఒక్కతే కూతురు, దీవెన. డిగ్రీ సెలవుల్లో షాపులో కూర్చునేది. ఉయ్యూరులో మోటార్లకు వైండింగ్ చేసే ఆసిమ్ సామాన్ల కోసం బెజవాడ వచ్చినప్పుడల్లా వాళ్ళ అమ్మకోసం పుస్తకాలు తీసుకువెళ్ళేవాడు. ఇద్దరికీ మాట కలిసింది, మనసూ కలిసింది. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుని దండలతో గుమ్మం ముందుకొస్తే, "నా కూతురు చచ్చిపోయింది" అన్నాడు బాలశౌరి. అప్పటిదాకా షాపు బోర్డు మీద ఉన్న దీవెన పేరును ఆ వారంలోనే తెల్లరంగు పూయించి కొట్టేయించాడు.

తెరేసమ్మ ఎదురు చెప్పలేదు. గుణదల కొండెక్కి మేరీమాతకు మొక్కుకుంది. రోజుకో ప్రేమకథ చదివి కళ్ళు తుడుచుకునే మనిషి ఎన్నాళ్ళు బిగదీసుకుని ఉంటాడులే అనుకుంది. దీవెనకు నెల తప్పాక పక్కింటి రిటైర్డ్ టీచరు రావమ్మగారి ఫోనుకు ఉయ్యూరు నుంచి మూడుసార్లు పిలుపు వచ్చింది.

"ఏడో నెలమ్మా. ఒకసారి రా."

"నాన్న మెత్తబడుతున్నారే. కాస్త ఓపిక పట్టు. ఆయన్నే తీసుకుని వస్తాను."

మూడుసార్లూ అదే జవాబు. వెళ్తానని భర్తనడిగితే, "వెళ్ళు. వెళ్ళినదానివి అటునుంచి అటే పో" అన్నాడు. ఆమె ఆగిపోయింది.

ఆ సోమవారం షాపులో బాలశౌరి చివరి పేజీ పైకి చదువుతున్నాడు. తండ్రి తానే కూతురింటికి వెళ్ళి, మనవరాలిని ఎత్తుకునే ఘట్టం. గొంతు జీరపోతోంది. ముక్కులు ఎగబీలుస్తున్న చప్పుడు గోడ ఇవతలికి వినిపిస్తోంది. ఉన్నట్టుండి చదవడం ఆగింది.

"ఏ పుస్తకం కావాలి బాబూ?"

ఎవరో మగమనిషి ఏదో చెప్పబోయి ఆగినట్టు వినిపించింది.

"పుస్తకం ఏదో చెప్పు. అవతల వీళ్ళు కాచుకున్నారు."

"ఏమీ వద్దండీ."

చెప్పుల చప్పుడు దూరమైంది. చదువు మళ్ళీ సాగింది. తెరేసమ్మ దారం కొరికి ఇంకో పుస్తకం అందుకుంది.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ ధైర్యం చేసింది. "ఏవండీ, ఆ హిమజ నాన్న తనే వెళ్ళాడు కదా. మనమూ ఒక్కసారి ఉయ్యూరు..."

"అది కథే" అన్నాడాయన గోంగూర కలుపుకుంటూ. "పైగా అందులో కులమే తేడా. ఇక్కడ మతం. మన చర్చి విచారణలో పెద్దమనిషినని నలుగురూ నన్ను ముందు వరసలో కూర్చోబెడుతున్నారు. ఆ కుర్చీ పోగొట్టుకోమంటావా?"

తిని, కడుపు నిమురుకుంటూ కునుకు తీయడానికి వెళ్ళాడు. ఆ అదను కోసమే కాచుకున్నట్టు పెరటివైపు నుంచి రావమ్మగారు వచ్చారు. ఆవిడ మొహం పాలిపోయి ఉంది.

"తెరేసమ్మా, కూర్చో. పొద్దున షాపుకు వచ్చింది మీ అల్లుడు. నేనక్కడే ఉన్నాను. మీ ఆయన పరాయివాణ్ణి పలకరించినట్టు పలకరిస్తే తల దించుకుని వెళ్ళిపోతున్నాడు. వీధి చివర ఆపి అడిగాను. దీవెనకు ఆడపిల్ల పుట్టిందట. నాలుగో రోజున ఆ పాప పోయిందట. దీవెన మంచం దిగడం లేదు, అమ్మా అమ్మా అని కలవరిస్తోంది అని చెప్పడానికి వచ్చాడు."

తెరేసమ్మ ఏడవలేదు. లోపలికి వెళ్ళి భర్తను తట్టి లేపింది.

"ఆసిమ్ వచ్చాడా?"

"వచ్చాడు."

"ఏం చెప్పాడు?"

"నేను చెప్పనిస్తే కదా."

"పాప పుట్టి పోయిందండీ. నాలుగు రోజులు బతికింది."

బాలశౌరి లేచి కూర్చున్నాడు. పెదవులు కదిలాయి. క్షణంపాటు ఆయన మొహంలో తండ్రి కనిపించాడు. అంతలోనే తల తిప్పుకున్నాడు.

"అంతమంది ఆడవాళ్ళ ముందు అల్లుడా అని పిలవమంటావా? నన్నేం చెయ్యమంటావు?"

తెరేసమ్మ రెండు చీరలు సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. కంకిపాడు దాటాక రెండువైపులా చెరకు తోటలు. బస్సులో ఎవరి ఒళ్ళోనో పసిపిల్ల ఏడుస్తుంటే ఆమె రెండు చెవులూ మూసుకుంది.

ఉయ్యూరులో గుమ్మం దగ్గర ఆసిమ్ తల్లి ఆమినాబీ ఎదురొచ్చింది. చేతిలో మల్లెపూల పొట్లం ఉంది.

"రండి వదినగారూ. పాలు ఆగడం లేదు పిల్లకి. పూలు కడితే ఆగుతాయంటారు. తల్లిగా మీరే కట్టండి."

కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది: "నాకు మాత్రం కోపం రాలేదా? రెండు నెలలు కొడుకుతో మాట్లాడలేదు నేను. మావాళ్ళు శుభకార్యాలకు పిలవడం మానేశారు. ఒకరోజు ఈ పిల్ల వేవిళ్ళతో పెరట్లో కూలబడింది. లేపి నీళ్ళిచ్చాను. అంతే, కోపం ఎటు పోయిందో."

దీవెన గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తెరేసమ్మ రవిక ముడి విప్పి పూలు పరిచి గుడ్డ కడుతుంటే వేళ్ళకు పాల తడి తగిలింది. అప్పుడు ఏడ్చింది.

"పాపది నీ ముక్కేనమ్మా" అంది దీవెన, తల్లివైపు తిరగకుండానే. "నువ్వొస్తావని మొదటి రెండు రోజులూ పేరు పెట్టనివ్వలేదు. ఓపిక పట్టమన్నావుగా. పట్టాను. తనకి అంత ఓపిక లేకపోయింది."

ఆ రోజు నుంచి తెరేసమ్మ ఉయ్యూరులోనే ఉండిపోయింది. వండి పెట్టింది, నీళ్ళు పోసింది. కూతురు మాట్లాడితే మాట్లాడింది, లేకపోతే ఊరుకుంది.

నెలన్నర తరువాత ఒక ఆదివారం మధ్యాహ్నం బాలశౌరి వచ్చాడు. చేతిలో పళ్ళ సంచి ఉంది. గుమ్మంలోనే నిలబడి, "తల్లీ! నాన్నొచ్చానమ్మా" అని రెండు చేతులూ చాచాడు. పరుగున వచ్చి కౌగిలించుకుంటుందనే ఆయన నమ్మకం.

దీవెన కుర్చీ వేసింది. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"కూర్చోండి. ఎండన పడి వచ్చారు" అని, దించిన తల ఎత్తకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆసిమ్ ఆయన చేతిలో సంచి అందుకుని పక్కన పెట్టాడు. ఆ ఇంట్లో ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు.

బాలశౌరి చాలాసేపు ఏడ్చాడు. ఆ కన్నీళ్ళు నిజమైనవే. చివరికి భార్యను పక్కకు పిలిచాడు.

"ఇంత దూరం దిగివచ్చానే. దగ్గరకైనా రాలేదు చూశావా?"

ముప్పై ఏళ్ళ కాపురంలో తెరేసమ్మ మొదటిసారి భర్త కళ్ళలోకి సూటిగా చూసింది.

"మీరు దిగివచ్చింది మీ కన్నీళ్ళు చూపించుకోవడానికండీ. దీవెన మనల్ని పిలిచినప్పుడు మీరు మీ కుర్చీ చూసుకున్నారు, నేను మీ మొహం చూశాను. ఇద్దరిదీ పాపమే. ఎవరి బిడ్డల కథో చదివి ఏడవడం తేలిక. సొంత బిడ్డ కులం దాటినా, మతం దాటినా, కష్టంలో ఉన్న ఆ రోజున, నలుగురూ చూస్తుండగా లేచి వెళ్ళడమే ప్రేమ. ఆ రోజు దాటిపోయాక వచ్చే తల్లిదండ్రులు బిడ్డకు చుట్టాలే అవుతారు."